కబురు వ్రాసినవారు, చదివించుకొన్నవారు

1836 సెప్టెంబరులో కలకత్తాలో మెకాలే ఒక మినిట్ వ్రాశాడు. మెకాలే మినిట్ అనగానే మన చదువుల దారి మళ్లించిన 1835 నాటి మినిట్ గుర్తుకు రావడం సహజం. ఇది దాని తరువాతిది, అంతగా ఎవరూ తలచుకోనిది. ఈ దేశపు ప్రజలు నిజంగా చదివే పత్రికలు ఏవన్న ప్రశ్న అందులో వచ్చింది. అవి అచ్చు పత్రికలు కావనీ, చేతివ్రాత అఖ్బారులనీ మెకాలే స్పష్టంగా చెప్పాడు. ఢిల్లీ కోటవద్దా, రెసిడెన్సీవద్దా ఇరవై ముప్ఫైమంది వార్తాలేఖకులు ఎల్లవేళలా కాచుకొని ఉంటారు. వారిలో ప్రతివానికీ ధనవంతులైన ఖాతాదారులు కొందరు ఉంటారు. దర్బారులోని సంగతులు, నగరంలోని అపవాదులు ఏరోజుకారోజు వారికి వ్రాసి పంపడమే లేఖకుని వృత్తి. ఒక్క ఢిల్లీ నగరం నుండి రోజూ బయలుదేరే ఇటువంటి లేఖలు నూట ఇరవై వరకు ఉండవచ్చునని తెలిసినవారు లెక్క కట్టారట. తపాలాలో వెళ్లే దేశభాషల అచ్చు పత్రికల ప్రతులు మూడు వందలకు మించవని కూడా ఆ మినిట్‌లో ఉన్నది.

అఖ్బార్ అనే మాట మనకు పరాయిదిగా కనిపిస్తుంది. నిజానికి అది మన ఇంటి మాటే. అరబ్బీలో 'ఖబర్' ఏకవచనం, 'అఖ్బార్' బహువచనం. ఆ ఖబరే తెలుగులో కబురు అయింది. దానిని మనం బహువచనం చేసి కబుర్లు అనేసరికి వార్త కాస్తా కాలక్షేపంగా మారిపోతుంది. ఢిల్లీ లేఖకులు ఖాతాదారులకు పంపినవి కబురూ కబుర్లూ కలిసినవే గనుక, ఆ లేఖలకు మన భాషలో ఇంతకంటె సరిపోయే పేరు దొరకదు.

ఈనాడు కొందరు రచయితలు పత్రికల మధ్యవర్తిత్వం లేకుండా, చందా కట్టినవారికి ఈ-మెయిల్ ద్వారా నేరుగా వార్తాలేఖలు పంపుకొంటున్నారు. ఇది కొత్త పద్ధతి అని అందరూ అంటున్నారు. సాధనం కొత్తదే కాని, ఒక లేఖకుడు, అతనికి పేరుపేరునా తెలిసిన కొద్దిమంది పాఠకులు, వారి మధ్య నెలనెలా చేతులు మారే డబ్బు అన్న ఏర్పాటు మాత్రం ఈ దేశంలో అచ్చు పత్రికకంటె పాతది. వ్రాసేవానికి తిండి పెట్టేది ఎవరు? వ్రాసేటప్పుడు అతని కళ్లముందు మెదిలేది ఎవరి ముఖం? ఈ రెండు ప్రశ్నలు అప్పుడూ ఉన్నవి. వాటికి జవాబులు మారిన కొద్దీ కబురు స్వభావం ఎట్లా మారుతూ వచ్చిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అక్బరు కాలం నుండి మొదలుపెట్టవచ్చు. అబుల్ ఫజల్ 'ఐనె అక్బరీ'లో వాకియానవీసుల ఏర్పాటును వివరించాడు. అనుభవజ్ఞులు, నిష్పక్షపాతులు అయిన లేఖకులు పధ్నాలుగుమంది. రోజుకు ఇద్దరి చొప్పున వంతులవారీగా కొలువు చేస్తారు.  చక్రవర్తి ఇచ్చిన ఉత్తరువులతోపాటు ఆయన ఏమి తిన్నదీ, ఎప్పుడు నిద్రపోయిందీ, ఎప్పుడు లేచిందీ కూడా వారు వ్రాసిపెట్టాలి. ఆ దినచర్యను ఒక అధికారి సరిచూసిన తరువాత చక్రవర్తి సమక్షంలో ఉంచుతారు. ఆయన ఆమోదించిన మీదట, అవసరమైనవారికి అందులోని భాగానికి నకలు తీసి, సంతకం చేసి ఇస్తారు. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి ఒకటున్నది. ఈ వ్రాతకు విషయమైన వాడే దానికి మొదటి పాఠకుడు. తన గురించి వ్రాసినదానిని తానే సరే అన్న తరువాతనే అది ఇతరులకు చేరుతున్నది. అబుల్ ఫజల్ ఆ లేఖకుల నిష్పక్షపాతాన్ని మెచ్చుకొన్నాడు గాని, చక్రవర్తి ఆమోదం పొందవలసిన నిష్పక్షపాతం ఏపాటిదో మనం ఊహించుకోవచ్చు.

దర్బారు వెలుపల, సుబాలలో సంగతి వేరు. అక్కడ లేఖకుడు వ్రాసేది చక్రవర్తిని గురించి కాదు, చక్రవర్తి పంపిన సుబేదారులను, ఫౌజుదారులను, కాజీలను గురించి. బహిరంగంగా నియమితుడైన వాకియానవీసు, అతనిమీద మరొక కన్నుగా సవానిహ్‌నిగారు, ఎవరికీ తెలియకుండా వ్రాసే ఖుఫియానవీసు, నోటిమాటగానూ లేఖగానూ కబురు మోసే హర్కారా అని నాలుగు తెగలవారు ఉండేవారు. రాజులు చారచక్షువులని మన పెద్దలు అన్నది ఇటువంటి ఏర్పాటును గురించే. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చారులు తెచ్చిన మాట ఒక్కటైతేనే దానిని నమ్మవలెనని కౌటిల్యుడు ఏనాడో అర్థశాస్త్రంలో నియమం పెట్టాడు. ఆయన ఎరిగిన మానవ స్వభావాన్ని మొగలులూ ఎరుగుదురు.

ఈ లేఖలను చక్రవర్తి చదివేవాడు అనడంకంటె చదివించుకొనేవాడు అనడం సరియైనది. చివరి సంవత్సరాలలో చాలాకాలం మద్రాసులో నివసించిన వెనిస్ దేశీయుడు మనూచీ ఈ సంగతి వ్రాసిపెట్టాడు. వారానికొకసారి సుబాల నుండి వచ్చే వాకియాలను రాత్రి సుమారు తొమ్మిది గంటలవేళ అంతఃపురపు స్త్రీలు చక్రవర్తి ఎదుట చదివి వినిపించేవారట. ఎక్కడో కాబూలులోనో బెంగాలులోనో కూర్చున్న లేఖకుడు తన వాక్యం ఒక స్త్రీ కంఠంలో, దీపపు వెలుగులో, ఆలంగీరు చెవిన పడుతుందని ఎరిగి వ్రాసి ఉండాలి. వేలకొలది ప్రజలున్న సుబాను గురించి వ్రాస్తున్నా అతని పాఠకుడు ఒక్కడే. ఆ ఒక్కడు జీతం ఇవ్వగలడు, తల తీయించగలడు. కాని చాలా దూరాన ఉన్నాడు. ఎవరి గురించి వ్రాస్తున్నాడో ఆ సుబేదారు మాత్రం వీధి చివరనే ఉన్నాడు.

ఈ దూరమే అసలు చిక్కు. కంపెనీ వైద్యుడుగా 1672-81 మధ్యకాలంలో మన పశ్చిమ తీరంలోనూ పారశీకంలోనూ తిరిగిన జాన్ ఫ్రయర్ దీనిని బాగా కనిపెట్టాడు. దక్కను యుద్ధాలు ఎందుకు తెమలడంలేదని ఆలోచించి, సేనానులూ వాకియానవీసులూ కూడబలుక్కొని చక్రవర్తిని మోసగిస్తున్నంతకాలం ఆయన తీర్మానాలు తప్పుడు చిత్రం మీద ఆధారపడినవే అవుతాయని వ్రాశాడు. యుద్ధం సాగినంతకాలం సేనానికి ఆదాయం, లేఖకునికి అందులో భాగం. వేగు చెప్పవలసినవాడు వేగులకు గురియైన వానితో పొత్తు కలిపితే నలుగురు లేఖకులున్నా నలభైమంది ఉన్నా ఒకటే. దక్కనుకు సంబంధించి 1660-71 సంవత్సరాల వాకియాలు కొన్నింటిని యూసుఫ్ హుసేన్ ఖాన్ సంపాదకత్వంలో హైదరాబాదులోని కేంద్ర రికార్డుల కార్యాలయం 1953లో ప్రకటించింది. ఫ్రయర్ హెచ్చరికను పక్కన పెట్టుకొని అటువంటి కాగితాలను చదవడం మంచిది.

ఇక దర్బారు నుండి బయటికి వెళ్లిన కబురు సంగతి. సుబాల నుండి చక్రవర్తికి వాకియాలు వచ్చినట్లే, చక్రవర్తి కొలువులో జరిగిన సంగతులు తెలుసుకోవలసిన అవసరం సామంతులకు ఉండేది. అందుకని వారు దర్బారులో తమ వకీళ్లను నిలిపేవారు. 'అఖ్బారాతె దర్బారె ముఅల్లా' అనే పేరుతో ఈనాడు చరిత్రకారులు వాడుకొంటున్న పత్రాలు ఇట్లా నకలు తీసి పంపినవే. అంబేరు రాజులకు వచ్చిన ఆ చీటీల సంపద ఇప్పుడు బికనేరులోని రాజస్థాన్ రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో ఉన్నది. కర్నల్ టాడ్ చేతికి చిక్కిన కొన్ని లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చేరాయి. ఔరంగజేబు చరిత్రకు వీటి విలువను గుర్తించి విస్తారంగా వాడుకొన్నవాడు జదునాథ్ సర్కార్.

ఆ అఖ్బారుల శైలి చాలా పొడిగా ఉంటుంది. తేదీ, పట్టాభిషేక సంవత్సరం, ఫలానావాడు అర్జీ పెట్టుకొన్నాడు, ఫలానా ఉత్తరువు అయింది, ఫలానావానికి ఖిలత్ దయచేశారు, ఒకని మన్సబు పెరిగింది, మరొకనిది తగ్గింది. లేఖకుని అభిప్రాయం ఒక్కటీ కనిపించదు. మొదట చదివేవారికి విసుగు పుట్టడం ఖాయం. అయితే వాటితోపాటే వకీలు తన ప్రభువుకు విడిగా వ్రాసిన నివేదికలు కూడా మిగిలాయి. వాటిలో కొన్ని పారశీకంలో, కొన్ని రాజస్థానీలో ఉన్నవి. ఈ రెండు రకాల కాగితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అఖ్బారు వ్రాసినవానికి దానిని ఎవరు చదువుతారో తెలియదు. అంబేరు రాజు కావచ్చు, ఆయన శత్రువు కావచ్చు. అందుకే జరిగినది తప్ప మరేమీ వ్రాయడు. వకీలుకు తన పాఠకుడు తెలుసు. ఆయన ఆశలు, భయాలు, దర్బారులో ఆయన పగవారు తెలుసు. అందువల్ల ఉత్తరువు వెనుక ఎవరి మాట పనిచేసిందో, ఎవరికి ఎంత నజరు ముట్టజెప్పితే పని జరుగుతుందో వ్రాస్తాడు. పాఠకుడు తెలియని లేఖకుడు నమ్మదగినవాడుగాను, తెలిసిన లేఖకుడు పనికివచ్చేవాడుగాను కనిపిస్తారు. ఈ రెండు గుణాలు ఒకే కాగితంలో దొరకడం అరుదు. రాజులు రెండింటికీ డబ్బు పెట్టడంలోని వివేకం ఇదే.

దర్బారు అన్నంత మాత్రాన మనం ఎర్రకోటనే తలచుకోకూడదు. 1681 తరువాత ఔరంగజేబు దక్కనుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన గుడారం ఉన్నచోటే దర్బారు. 1687లో గోల్కొండ ముట్టడి సాగిన ఎనిమిది నెలలూ దర్బారంటే ఆ కోట గోడల ముందున్న విడిదియే. మనవైపు నుండి కూడా ఇటువంటి లేఖలు అంతకుముందే సాగుతుండేవి. తానీషా కొలువులో అక్కన్న మాదన్నల ఆధిపత్యం నడుస్తున్న రోజులలో మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీవారు గోల్కొండలో ఒక బ్రాహ్మణ వకీలును ఉంచుకొని అక్కడి సంగతులు తెప్పించుకొనేవారు. రాజు కొలువులో కబురు కొనుక్కోవలసిన అవసరం వర్తకులకు కూడా అంత త్వరగా తెలిసివచ్చిందన్నమాట.

పద్దెనిమిదవ శతాబ్దంలో మొగలు అధికారం సడలిపోయినకొద్దీ అఖ్బారుల సంఖ్య పెరిగిందే గాని తగ్గలేదు. పెద్ద పాఠకుడు ఒక్కడు పోయి చిన్న పాఠకులు చాలామంది పుట్టుకొచ్చారు. ప్రతి దర్బారులోనూ మిగిలిన అన్ని దర్బారుల లేఖకులూ ఉండేవారు. పీష్వాల రాజధాని సంగతులను నిజాముకు వ్రాసిన అఖ్బారులను హైదరాబాదు రికార్డుల కార్యాలయమే 1950వ దశకంలో 'పూనా అఖ్బారులు' పేరుతో సంపుటాలుగా వెలువరించింది. లాహోరులో రంజిత్ సింగ్ కొలువు సంగతులు 1810-17 మధ్య వ్రాసిన పత్రాల కథ మరీ విచిత్రం. అవి దొరికినది లాహోరులో కాదు, పూనాలో. అక్కడి ఏలియనేషన్ ఆఫీసు దస్త్రాలలో పడి ఉన్నవాటిని అనువదించి గారెట్, చోప్రా అనే ఇద్దరు విద్వాంసులు 1935లో లాహోరులో ప్రకటించారు. పంజాబు సింహం ఈ ఉదయం ఏ గుర్రమెక్కిందీ, ఎవరిని కసరిందీ మహారాష్ట్రలో ఒక కచేరీ అల్మారాలో నూరేళ్లకు పైగా నిద్రపోయింది. తన వ్రాతను ఎప్పటికైనా పరిశోధకులు చదువుతారన్న ఊహ ఆ లేఖకునికి ఉండి ఉండదు. ఉంటే ఇంత స్వేచ్ఛగా వ్రాసేవాడు కాడేమో.

మళ్లీ మెకాలే చూసిన ఢిల్లీకి వద్దాం. ఇక్కడే లేఖకునికీ పాఠకునికీ మధ్య సంబంధం నిజంగా మారిపోయింది. ఇరవై ముప్ఫైమంది లేఖకులు, సుమారు నూట ఇరవై లేఖలు. భాగిస్తే ఒక్కొక్కరికి నలుగురో అయిదుగురో ఖాతాదారులు. వీరు ఏ ఒక్కరి సేవకులూ కారు. ఒకరు చందా మానితే మరొకరిని వెతుక్కోగలరు. అక్బరు కొలువులోని పధ్నాలుగుమందికి గాని, అంబేరు వకీలుకు గాని ఈ స్వాతంత్ర్యం లేదు. కాని ఆ స్వాతంత్ర్యానికి మూల్యం కూడా ఉన్నది. రోజూ కబురు ఉండాలి. కోటలో ఏమీ జరగని రోజులు ఎన్నో ఉంటాయి. ముసలి చక్రవర్తి కంపెనీవారి పింఛను మీద బ్రతుకుతున్న కోటలో ఏమి జరుగుతుంది గనుక? అయినా ఖాతాదారుడు ఎదురుచూస్తుంటాడు. మెకాలే అపవాదులు అని తేలికగా అన్న భాగం ఇక్కడి నుండే వచ్చి ఉంటుందని నా ఊహ. కబురు తక్కువైనచోట కబుర్లు పూడ్చాయి. లేఖకుని నైతిక పతనంగా దీనిని చూడనక్కరలేదు. రోజు తప్పకుండా పంపుతానని మాట ఇచ్చినవానికి ఇది తప్పని ఇబ్బంది.

అంతకంటె ఎన్నో రెట్లు చెడ్డ ఏర్పాటు అదే కాలంలో అవధ్‌లో ఉండేది. లక్నోలో రెసిడెంటుగా ఉన్న స్లీమన్ 1849-50లో ఆ రాజ్యమంతా పర్యటించి వ్రాసిన దినచర్యలో ఈ వివరం ఇచ్చాడు. నవాబు కొలువులో 660 మంది అఖ్బారునవీసులు. వారందరికీ కలిపి నెలకు ఇచ్చే జీతం 3,194 రూపాయలు. సగటున ఒక్కొక్కరికి అయిదు రూపాయలైనా లేదు. ఆ అయిదు రూపాయలతో ఒక కుటుంబం గడవదని ఇచ్చేవారికీ తెలుసు, పుచ్చుకొనేవారికీ తెలుసు. మిగిలినది ఎవరి గురించి వ్రాయాలో వారి దగ్గర దొరికేది. వ్రాసినందుకు కాదు, వ్రాయకుండా ఉన్నందుకు. గ్రామం తగులబెట్టించిన అమీలు ముట్టజెబితే ఆ గ్రామం కబురులో తగులబడదు. ముట్టజెప్పనివాడు చేయని నేరం కూడా కబురులో చేరుతుంది. ఇందులో పైవారికీ వాటాలు ఉండేవి. పాఠకుడు జీతం తగ్గించుకొని మిగిల్చుకొన్నాననుకొన్న సొమ్ము ఎంతో, ఎవరి ఇంట చేరుతున్నదో ఆయనకు తెలియజేయవలసిన లేఖ కూడా ఆ లేఖకులే వ్రాయాలి!

స్లీమన్ మాటలను మనం కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. ఆయన స్వయంగా అవధ్ విలీనాన్ని సమర్థించకపోయినా ఆయన నివేదికలను 1856లో ఆ విలీనానికి సమర్థనగా వాడుకొన్నారు. అయినా ఆ జీతపు లెక్క మాత్రం కట్టుకథ కాదు. ఒక్క ఆ అంకె చూస్తే చాలు, తక్కిన కథ దానంతట అదే అర్థమవుతుంది. పైగా ఈ ఏర్పాటులో నష్టపోయినవారు నవాబూ కాదు, లేఖకుడూ కాదు. తన గోడు లక్నోకు చేరుతుందని నమ్మిన రైతు నష్టపోయాడు. అతడు ఆ లేఖకు పాఠకుడు కాడు, చందాదారుడు కాడు. విషయం మాత్రమే.

కంపెనీవారు ఈ వ్యవస్థను ద్వేషించలేదు, తమది చేసుకొన్నారు. సైన్య సహకార ఒప్పందాలలో, ఇతర రాజ్యాలతో తమ అనుమతి లేకుండా ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదనే నిబంధన ఉండేది. నిజాముతో 1798లోనూ 1800లోనూ జరిగిన ఒప్పందాలు ఈ కోవలోనివే. అందువల్ల ఒక దర్బారు లేఖకుడు మరొక దర్బారులో నిలవడానికి అర్థం లేకుండా పోయింది. కబురు వ్రాసేవారు ఉన్నారు గాని వారి పాఠకుడు క్రమంగా రెసిడెంటు ఒక్కడే అయ్యాడు. మనూచీ కాలపు ఏకపాఠక స్థితికి కథ మళ్లీ చేరుకొన్నదని చెప్పవచ్చు. అయితే ఈ కొత్త పాఠకునికి లేఖను చదివి వినిపించేది అంతఃపురం కాదు, మున్షీ.

మరొక వైపు అచ్చు వచ్చింది. రామమోహన రాయ్ 1822లో పారశీకంలో 'మిరాతుల్ అఖ్బార్' ప్రారంభించి, మరుసటి ఏడు ముద్రణకు లైసెన్సు తప్పనిసరి చేసిన శాసనానికి నిరసనగా దానిని నిలిపివేశాడు. పత్రిక పేరులో అఖ్బారు అన్న మాట నిలిచింది, కాని పాఠకుడు మారిపోయాడు. అచ్చులో అక్షరం చదవగల ఎవడైనా పాఠకుడే. మన భాషలో 1842లో మద్రాసు నుండి 'వర్తమాన తరంగిణి' వెలువడింది. వర్తమానం అంటే కబురూ అవును, నడుస్తున్న కాలమూ అవును. రెండర్థాలనూ కలిపి ఆ పేరు పెట్టినవారి ఔచిత్యాన్ని మెచ్చుకోవాలి.

ఢిల్లీలో మాత్రం అచ్చు పత్రిక చాలాకాలం పాత లేఖ రూపును వదలలేదు. మౌల్వీ మహమ్మద్ బాకర్ 1830వ దశకంలో స్థాపించిన 'దిల్లీ ఉర్దూ అఖ్బార్'లో కోట సంగతులకు 'హుజూరె వాలా' అనీ, రెసిడెంటు సంగతులకు 'సాహిబె కలాఁ' అనీ విడివిడి శీర్షికలు ఉండేవి. కోటవద్దా రెసిడెన్సీవద్దా కాచుకొన్న ఆ పాత లేఖకుల రెండు మజిలీలు ఇక్కడ రెండు శీర్షికలుగా అచ్చు అయ్యాయి. ఈ పత్రికకు ఖాతాదారులు అయిదుగురు కారు. నగరమంతా దానిని చదివింది, చదవలేనివారు చదివించుకొని విన్నారు. 1857 మే నెలలో సిపాయిలు ఢిల్లీ చేరినప్పుడు బాకర్ ఆ వార్తలను తన పాఠకులకోసం వ్రాశాడు. జూలైలో పత్రిక పేరును చక్రవర్తి బహదూర్ షా జఫర్ పేరు మీదుగా 'అఖ్బారుజ్జఫర్' అని మార్చాడు. సెప్టెంబరు 13న చివరి సంచిక వెలువడింది. నగరం కంపెనీ వశమైన తరువాత ఆ నెలలోనే బాకర్‌ను చంపివేశారు. మరుసటి ఏడు చక్రవర్తిని రంగూనుకు తరలించారు. కోటద్వారం దగ్గర వ్రాయడానికి ఇక ఏ కబురూ మిగలలేదు.